మురారి 4కె షోకి అమ్మని తీసుకెళ్తున్నా... అక్షింతలు పట్టుకెళ్ళాలా, హెల్మెట్టా?

చివరి_వరస_సీటు | 6 ఆగస్టు 2024, రాత్రి 10:12

అందరికీ హాయ్. నేను ఇంతవరకు ఒక్క రీరిలీజ్ షోకి కూడా వెళ్ళలేదు, రీల్స్‌లో చూసి నవ్వుకోవడమే. శుక్రవారం 9న మహేష్ బర్త్‌డేకి మురారి వేస్తున్నారు కదా, మా అమ్మకి ఆ సినిమా అంటే ప్రాణం. 2001 ఫిబ్రవరిలో రిలీజైనప్పుడు అమ్మకి పెళ్ళై ఆర్నెల్లంట, నాన్నతో హాల్లో చూసిన మొదటి సినిమా అంట, టీవీలో ఎప్పుడొచ్చినా స్టవ్ కట్టేసి వచ్చి కూర్చుంటుంది. ఫస్ట్ షోకి రెండు టికెట్లు బుక్ చేశా. లోపల ఎలా ఉంటుందో మాత్రం ఆవిడకి చెప్పలేదు, నాకే తెలీదు కాబట్టి.

డౌట్లు: డైలాగులు అసలు వినపడతాయా? కూర్చుని చూడనిస్తారా? అందులో పెళ్ళి పాట 'అలనాటి రామచంద్రుడు'కి అక్షింతలు వేద్దామని అందరూ ప్లాన్లు వేసుకుంటున్నారు, నిజంగా వేస్తారా లేక పోస్టుల వరకేనా?

---

నేలటికెట్టు_నాయకుడు | రాత్రి 10:31

వేస్తారు సిస్టర్, డౌటే లేదు. 2022 ఆగస్టు 9న పోకిరి వేసినప్పుడు మొదలైంది ఈ పిచ్చి, అప్పట్నుంచి జల్సా, ఖుషి, సింహాద్రి, బిజినెస్‌మేన్ నేను దేన్నీ వదల్లేదు. ఒక్క ముక్కలో చెప్పాలంటే మనం సినిమా చూడ్డానికి వెళ్ళం, సినిమాతో పాటు మనమూ ఆడటానికి వెళ్తాం. టికెట్ మీద సీటు నంబర్ ఉంటుంది గానీ దానికి పెద్ద విలువ లేదు, మొదటి పాట రాగానే ముందు మూడు వరసలూ తెర కిందకి వెళ్ళిపోతాయి. డైలాగ్ హీరో చెప్పడు, హాలు చెప్తుంది, హీరో పెదాలు కదుపుతాడు అంతే.

అమ్మతో అయితే మాత్రం శుక్రవారం వద్దు, నా మాట వినండి. శనివారం మ్యాట్నీ చూస్కోండి. గోల ఉంటుంది కానీ మనుషులు కొంచెం చల్లబడతారు.

---

సైలెన్స్_ప్లీజ్ | రాత్రి 10:58

ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి నేనే చెప్తున్నా, ఇదంతా నాకు నచ్చదు. డబ్బులిచ్చి కొనుక్కున్న టికెట్‌తో పక్కవాడి గొంతు ఎందుకు వినాలి? మణిశర్మ అంత కష్టపడి చేసిన రీరికార్డింగ్ ఒక్క ముక్క వినపడదు. నిరుడు సింహాద్రికి ఒక హాల్లో లోపలే బాణాసంచా కాలిస్తే కుర్చీలు తగలబడ్డాయి, గుర్తుందా? అది అభిమానమా? అమ్మగారిని ఇంట్లో పెద్ద టీవీ ముందు కూర్చోబెట్టండి, ఆవిడ సుఖపడతారు.

---

మస్తు_సినిమా | రాత్రి 11:06

అన్నా నువ్వు ప్రతి థ్రెడ్ల గిదే చెప్తవ్ గానీ ఎవ్వడు బలవంతంగ గుంజుకపోతలేడు కదా. పటాకుల ముచ్చట తప్పే, ఒప్పుకుంట. కానీ ఆరెంజ్ చూసినవా పోయినేడు? 2010ల వచ్చినప్పుడు ఒక్కడు పట్టించుకోలే ఆ సినిమాని. మార్చిల మల్ల ఏస్తే హాలు మొత్తం ప్రతి పాట మొదటి లైను నుంచి ఆఖరి లైను దాకా పాడింది. నాకైతే రోమాలు లేచి నిలవడ్డయ్. పాడినోళ్ళల్ల సగం మంది సినిమా వచ్చినప్పుడు నాలుగో తరగతి పిల్లలు. గది మీ పెద్ద టీవీల వస్తదా?

---

పద్యం_పిచ్చోడు | 7 ఆగస్టు, ఉదయం 5:40

నేను ఈ వేదికలో వయసులో పెద్దవాణ్ణి అనుకుంటాను. ఇదేదో కొత్త పిచ్చి అన్నట్టు మాట్లాడుతుంటే నవ్వొస్తోంది నాయనలారా. మా చిన్నప్పుడు ఊళ్ళో తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాలు పద్యనాటకం వేస్తే తెల్లారేదాకా నడిచేది. పడక సీనులో కృష్ణుడు నిద్ర నటిస్తూ ఉంటాడు, దుర్యోధనుడు తల దగ్గర, అర్జునుడు కాళ్ళ దగ్గర. కృష్ణుడు లేచి బావా అని పద్యం ఎత్తుకున్నాడంటే చాపల మీద కూర్చున్నవాళ్ళకి ప్రతి అక్షరం నోటికి వచ్చు. పద్యం అవగానే వన్స్ మోర్! కృష్ణుడు మళ్ళీ అందుకోవాల్సిందే, హార్మోనియం ఆయన చెమట తుడుచుకుని మళ్ళీ శృతి ఇవ్వాల్సిందే. వన్స్ మోర్ పడని నటుడు మర్నాడు టీకొట్టు దగ్గర తల ఎత్తుకునేవాడు కాదు.

కానీ ఒక్క మాట. ఆలాపన సాగుతున్నంతసేపూ ఎవడూ కిక్కురుమనేవాడు కాదు. చంటిపిల్ల ఏడిస్తే తల్లి బయటికి తీసుకుపోయేది. ఎక్కడ అరవాలో తెలిసినవాడికి ఎక్కడ నోరు మూసుకోవాలో కూడా తెలిసేది. ఇప్పటి పిల్లలకి మొదటిది బాగా వచ్చు, రెండోది వచ్చో రాదో నేను చూడలేదు, మీరు వెళ్ళొచ్చి చెప్పండి.

---

సైలెన్స్_ప్లీజ్ | ఉదయం 8:15

పెద్దాయన నా పార్టీయే :)

---

పద్యం_పిచ్చోడు | ఉదయం 8:22

కాదు నాయనా, నేనూ వన్స్ మోర్ అరిచినవాణ్ణే.

---

కార్బన్_వెలుగు | ఉదయం 9:50

వన్స్ మోర్ అనగానే నాకు మా నాన్న గుర్తొచ్చారు. సింగిల్ స్క్రీన్‌లో ఆపరేటర్‌గా చేశారు, నా బాల్యం సగం ఆ క్యాబిన్‌లోనే. మీరు కింద కూర్చుని వన్స్ మోర్ అని అరిచేస్తారు గానీ పైన ఏం జరిగేదో తెలుసా? 35 ఎంఎం ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు పరుగెడుతుంది. నాలుగు నిమిషాల పాట అంటే 360 అడుగులు. మిషన్ ఆపాలి, హాల్లో లైట్లు వెయ్యాలి, మిషన్‌లో ఫిల్మ్‌ని పట్టి ఉంచే గేటు తెరిచి ఫిల్మ్ బయటికి తియ్యాలి, చేత్తో వెనక్కి చుట్టాలి, మళ్ళీ ఎక్కించాలి, ప్రొజెక్టర్‌కి వెలుగిచ్చే కార్బన్ పుల్లలు మళ్ళీ ముట్టించి వెలుగు సరిచెయ్యాలి. ఈలోపు కింద విజిల్స్, కుర్చీలు విరగ్గొట్టే చప్పుడు. ఫిల్మ్ మీద ఒక్క గీత పడితే డిస్ట్రిబ్యూటర్‌కి సమాధానం చెప్పుకోవాల్సింది నాన్నే. అందుకే పాట రీలు చివర్లో ఉంటే మాత్రమే ఒప్పుకునేవారు, మధ్యలో ఉంటే చిన్న కిటికీలోంచి దణ్ణం పెట్టేవారు కిందకి.

ఇప్పుడు సినిమా మొత్తం సర్వర్‌లో ఫైల్, కావాల్సిన చోటికి లాగితే పాట మళ్ళీ మొదలు. ఆపరేటర్‌కి ఇష్టమైతే నాలుగుసార్లు వేస్తాడు. నెక్స్ట్ షోకి టైమ్ అయిపోతోందని మేనేజర్ గోల పెట్టేదాకా.

ఇంకో సంగతి, పోస్టర్ మీద 4కె (అంటే బొమ్మలో అడ్డంగా దాదాపు నాలుగు వేల చుక్కలు) అని ఉన్నంత మాత్రాన కంటికి 4కె కనపడదు. నెగటివ్‌ని ఫ్రేమ్ ఫ్రేమ్ స్కాన్ చేసి, దుమ్ము గీతలు తుడిచి, రంగులు దిద్దుతారు, అదంతా నిజమే. కానీ హాల్లో ప్రొజెక్టర్ 2కెది, అంటే అందులో సగం చుక్కలది అయితే పడేది 2కెనే. మన దగ్గర చాలా హాళ్ళలో అదే ఉంది. అయినా ఆ గోలలో ఎవడు చూస్తాడులెండి.

అక్షింతల గురించి నా రిక్వెస్ట్ ఒక్కటే: తెర మీదకి మాత్రం విసరకండి. తెర గుడ్డ కాదు గోడ కాదు, దానికి సన్నసన్నటి చిల్లులుంటాయి, వెనకాల పెట్టిన స్పీకర్ల సౌండ్ వాటిలోంచే వస్తుంది. నాణేలు విసిరితే చిరుగుతుంది, పసుపు పడితే పోదు.

---

అర్ధరాత్రి_షో | మధ్యాహ్నం 12:20

అక్షింతలు అంటే గుర్తొచ్చింది, అమెరికాలో చదువుకునేటప్పుడు రాకీ హారర్ పిక్చర్ షోకి తీసుకెళ్ళారు ఫ్రెండ్స్. 1975 సినిమా, అప్పుడు ఎవడూ చూడలేదు, 1976లో న్యూయార్క్‌లో అర్ధరాత్రి ఆటలు మొదలుపెట్టాక ఎక్కింది, ఇప్పటికీ ఆడుతూనే ఉంది. అందులో మొదట్లోనే ఒక పెళ్ళి సీన్ ఉంటుంది, అది రాగానే హాలంతా బియ్యం విసురుతారు! నేను నోరెళ్ళబెట్టా, ఇదేంట్రా మన పెళ్ళిలా ఉంది అని. వాన సీన్‌కి నెత్తిన న్యూస్‌పేపర్ పెట్టుకోవాలి, వెనకనించి ఎవడో వాటర్ గన్‌తో తడుపుతాడు. తెర కింద అదే వేషాల్లో మనుషులు సినిమాతో పాటు నటిస్తూ ఉంటారు. కొత్తగా వచ్చినవాళ్ళ మొహం మీద లిప్‌స్టిక్‌తో గుర్తు పెట్టి స్టేజి ఎక్కిస్తారు, నన్నూ ఎక్కించారు, ఆ ఫోటోలు ఇంట్లోవాళ్ళకి చూపించలేదు.

తమాషా ఏంటంటే అక్కడ జనం డైలాగ్‌తో పాటు చెప్పరు. డైలాగుకీ డైలాగుకీ మధ్య ఉన్న గ్యాప్‌లో కౌంటర్ వేస్తారు, తెర మీద మనిషి దానికి జవాబు చెప్పినట్టు ఉంటుంది. ఆ గ్యాప్ తప్పితే నవ్వు రాదు, అందుకని అందరూ సినిమాని చెవులు రిక్కించి వింటారు. బియ్యం ఇప్పుడు చాలా హాళ్ళు వద్దంటున్నాయి, కాళ్ళు జారి పడుతున్నారని. కార్బన్ అన్న బాధ అక్కడా ఉంది.

---

టోక్యో_తెలుగోడు | మధ్యాహ్నం 1:45

నా వంతు. 2018లో ఇక్కడ బాహుబలి 2 అరుపుల షోకి వెళ్ళా. అంటే పేరే అది, గట్టిగా అరవడానికి పెట్టిన షో. రాజమౌళి గారు కూడా ఆ ఏప్రిల్‌లో అలాంటి షోకి వచ్చారు. షో ముందు ఒకావిడ మైక్ పట్టుకుని ఏది చెయ్యొచ్చు ఏది చెయ్యకూడదు మొత్తం చదివింది, లేవకూడదు, ముందు సీటు తన్నకూడదు, లైట్ కర్రలు తల కంటే ఎత్తు లేపకూడదు. నా పక్కన అరవై దాటిన ఒక పెద్దావిడ, పట్టుచీర లాంటిదేదో తనే కుట్టుకుని కట్టుకుంది, చేతిలో గలగల మోగే డప్పు. జై మాహిష్మతి అని ఆవిడ అరిస్తే నాకు సిగ్గేసింది, నా గొంతు లేవట్లేదు.

పద్యం గారడిగారే నోరు మూసుకునే సంగతి, చెప్తా వినండి. కట్టప్ప కత్తి దించే సీన్ వచ్చింది. అంతవరకు చెవులు పగిలిపోయిన హాల్లో లైట్ కర్రలన్నీ ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఎవరూ చెప్పలేదు. చీకట్లో ముక్కు ఎగబీల్చే చప్పుళ్ళు తప్ప ఇంకేం లేదు.

కాగితాలు విసిరే షోలు వేరే ఉంటాయి, వాటిని మసాలా షో అంటారు, అయిపోయాక జనమే చీపుళ్ళు పట్టుకుని ఊడుస్తారు. మసాలా అని ఎందుకన్నారో తెలుసా, ఇండియాలో సినిమా ఇలాగే చూస్తారంట అని. మనల్ని చూసి నేర్చుకున్నారంట! ఊడవడం మాత్రం మన దగ్గర నేర్చుకోలేదు.

---

చివరి_వరస_సీటు | 8 ఆగస్టు, రాత్రి 9:30

బాబోయ్ ఇంత వస్తుందనుకోలేదు. థాంక్యూ అందరికీ. నేలటికెట్టు అన్న మాట విని శుక్రవారం టికెట్లు కజిన్‌కి ఇచ్చేశా, శనివారం మ్యాట్నీ దొరికింది. వెళ్ళొచ్చి రాస్తా.

---

నేలటికెట్టు_నాయకుడు | 9 ఆగస్టు, రాత్రి 11:55

గొంతు లేదు. టైప్ మాత్రమే చెయ్యగలను. ఎక్కడో థియేటర్లో నిజంగా పెళ్ళి చేసేసుకున్న వీడియో చూశారా?? తాళి కట్టేశాడు, పాట నడుస్తుండగా, పక్కన జనం అక్షింతలు!! మా హాల్లో దండలు మార్చుకోవడం దాకే వెళ్ళింది, అదీ ఇద్దరూ మగాళ్ళే, ఫ్రెండ్స్.

---

సైలెన్స్_ప్లీజ్ | 10 ఆగస్టు, ఉదయం 7:02

రేపు విడాకులకి ఏ సినిమా రీరిలీజ్ చెయ్యాలో ఇప్పుడే చూస్కోండి.

---

చివరి_వరస_సీటు | 10 ఆగస్టు, రాత్రి 8:47

వెళ్ళొచ్చాం. పెద్ద పోస్ట్, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

ముందు తిట్లు. మొదటి అరగంట ఒక్క డైలాగ్ వినపడలేదు, టైటిల్స్‌లో మహేష్ పేరు పడ్డప్పుడు ఎగిరిన కాగితం ముక్కలు అమ్మ జడలో, నా వాటర్ బాటిల్ మూతలో, ఇంకా ఎక్కడెక్కడో. మా ముందువాడు ఫోన్ ఎత్తి తెరని వీడియో తీస్తూనే ఉన్నాడు, నేను ఆ చిన్న ఫోన్‌లోనే సినిమా చూశా కాసేపు. అమ్మ నా వైపు ఒక చూపు చూసింది, ఆ చూపు తెలుగు ఇళ్ళల్లో పుట్టినవాళ్ళందరికీ తెలుసు. వెళ్ళిపోదామా అన్నా. "ఉండవే, వాళ్ళ బామ్మ రానీ" అంది.

తర్వాత ఎక్కడ మారిందో తెలీదు. ఇంట్లో సోఫాలో కూర్చుని డైలాగ్ ముందే చెప్పేసే అలవాటు అమ్మకి, నన్ను ఇరవై ఏళ్ళు విసిగించిన అలవాటు. హాల్లో కూడా మొదలెట్టింది, తెర మీద మనిషి కంటే అర సెకను ముందు. బామ్మ మాటలు, వదినల మాటలు, హీరోవి కాదు, కుర్రాళ్ళెవరికీ రానివి. వెనక వరసలో నలుగురు ఇంజనీరింగ్ పిల్లలు, ఒకడు మిగతావాళ్ళని కసిరాడు, "ఆంటీ చెప్తున్నారు ఆగండ్రా" అని. ఇంటర్వెల్‌కి వాళ్ళలో ఒకడు ఒంగి "ఆంటీ, రిలీజప్పుడు చూశారా మీరు" అని అడిగాడు. మా అమ్మ మొహం చూడాలి. నాన్న సైకిల్ స్టాండ్‌లో టోకెన్ పోగొట్టుకున్న కథంతా చెప్పింది వాళ్ళకి, నాకెప్పుడూ చెప్పని కథ.

ఇప్పుడు అలనాటి రామచంద్రుడు. నేను అక్షింతలు తీసుకెళ్ళలేదు, ఈవిడకి తెలీదు కదా అనుకున్నా. పాట ముందు బ్యాగ్ తీసి చేతిరుమాలు మూట విప్పింది! పసుపు కలిపి, నెయ్యి చుక్క వేసి మరీ తెచ్చింది. కాలనీ గ్రూప్‌లో స్టేటస్‌లు చూసిందంట, నేను భయపడతానని నాకు చెప్పలేదంట. ఇద్దరం ఒకరినొకరు మోసం చేసుకున్నాం అన్నమాట.

పాట మొదలవగానే తెర ముందు గంతులేస్తున్న పిల్లలు వాళ్ళంతట వాళ్ళే మెట్ల మీద కూర్చున్నారు. ఫోన్ లైట్లు వెలిగాయి. మొదటి లైన్లు హాలంతా పాడింది, తర్వాత ఏమైందో గానీ తగ్గింది, జిక్కి గారి గొంతు వచ్చేసరికి నాకు ఆ గొంతు ఒక్కటే వినపడింది. ఆ గొంతుని ఎవరూ తొక్కలేదు. సిరివెన్నెల గారి మాటలు మా పక్కావిడ పెదాలతో అంటోంది, సౌండ్ లేకుండా. పద్యం గారూ, మీ ప్రశ్నకి జవాబు ఇదే, వచ్చు, కనీసం ఆ నాలుగు నిమిషాలు వచ్చు.

అమ్మ అక్షింతలు తెర మీద వెయ్యలేదు కార్బన్ అన్నా. వెనక పిల్లలు నలుగురూ లేచి ముందుకొచ్చి అమ్మ ముందు తలలు వంచి నిలబడ్డారు. ఒక్కొక్కడి నెత్తిన వేసింది, "ముందు బ్యాక్‌లాగులు క్లియర్ చేసుకోండి, తర్వాత పెళ్ళి" అంటూ.

పాట అవగానే వన్స్ మోర్. వేశాడు మళ్ళీ! అప్పటికి మూట ఖాళీ. రెండోసారి కోసం అమ్మ ఒంగి కుర్చీల కింద వెతుక్కుని ఏరుకోవడం మొదలెట్టింది, ఆ పిల్లలు ఫోన్ లైట్ పట్టారు.

---

మస్తు_సినిమా | రాత్రి 9:01

కండ్లల్ల నీళ్ళొచ్చినయ్ అక్కా. అమ్మకు దండాలు చెప్పు.

---

పద్యం_పిచ్చోడు | 11 ఆగస్టు, ఉదయం 5:25

జిక్కి మా కాలపు గొంతు. యాభైల్లో విన్నవాళ్ళం మేం. ఆ గొంతుని 2001లో మళ్ళీ పెళ్ళి పందిట్లోకి తెచ్చారు, ఇప్పుడీ పిల్లలు దాన్ని విన్నారు. సంతోషం అమ్మా. నన్ను కూడా ఎవరైనా తీసుకెళ్తే వస్తాను, మోకాళ్ళ వల్ల మెట్లు లేని హాలు అయితే మంచిది.

---

సైలెన్స్_ప్లీజ్ | ఉదయం 10:10

బాగా రాశారు, ఒప్పుకుంటా. ఒక్క ప్రశ్న: సినిమా చూశారా మరి?

---

చివరి_వరస_సీటు | ఉదయం 10:24

సగం. 48 ఏళ్ళ శాపం ముక్క ఒక్కటీ వినపడలేదు, తెలిసిన కథ కాబట్టి సరిపోయింది. మిగతా సగం ఇవాళ రాత్రి అమ్మ టీవీలో పెడతానంటోంది.

---

కార్బన్_వెలుగు | ఉదయం 11:40

రెండోసారి వేశాక చివర్లో ఏమైనా కోసేశారా? షో టైమ్ కలిసిరాకపోతే ఆఖరి పేర్లు పడకముందే లైట్లు వేసేస్తారు.

---

చివరి_వరస_సీటు | ఉదయం 11:52

అవును! లైట్లు వేసి గేట్లు తీసేశారు. అమ్మ మాత్రం తెర ఆరిపోయేదాకా లేవలేదు, ఊడ్చే ఆవిడ వచ్చి "అమ్మా కాళ్ళెత్తండి" అనేదాకా. ఆవిడకి సారీ చెప్పాం, కుర్చీ కింద నిండా మావే.

---

సైలెన్స్_ప్లీజ్ | 13 ఆగస్టు, మధ్యాహ్నం 2:30

ఇవాళ మార్నింగ్ షోకి వెళ్ళొచ్చా, దాచడం ఎందుకు. ముప్పై మందిమి ఉన్నాం. హాయిగా ఉంది, ప్రతి మాటా వినపడింది, వీణ బిట్ కూడా. వెనకాల ఒకడు విజిల్ వేశాడు, ఎవరూ కలవకపోయేసరికి వాడే ఆపేసుకున్నాడు, పాపం అనిపించింది. అలనాటికి ఒకరిద్దరు లైట్ వేశారు, మళ్ళీ ఆర్పేశారు.

---

కార్బన్_వెలుగు | మధ్యాహ్నం 2:41

తెర ఎలా ఉంది?

---

సైలెన్స్_ప్లీజ్ | మధ్యాహ్నం 2:44

ఎడమవైపు కింద గుప్పెడంత పసుపు మరక. సోనాలి బింద్రే అటు నడిచినప్పుడల్లా బుగ్గకి నలుగు పెట్టినట్టే ఉంది.